చిరాగలీ గల్లీనుండి సైబరు టవర్సు వరకు: భాగ్యనగరమున ప్రసార చరిత్ర

కురుక్షేత్ర సమరమును హస్తినాపురమున కూర్చున్న ధృతరాష్ట్రునకు సంజయుడు వినిపించెనని భారతము చెప్పుచున్నది. దూరమున జరుగుదానిని ఇంట నుండియే వినవలెనను కోరిక మానవునకు నాటినుండియు కలదు. అయితే సంజయుని పలుకు విన్నది ఒక్క రాజు. ఒకే పలుకు వేలమంది చెవులకు ఏకకాలమున చేరుట రేడియో వచ్చిన పిమ్మటనే సాధ్యమైనది.

హైదరాబాదున 1933లో మహబూబ్ అలీ యను తపాలా తంతి శాఖోద్యోగి చిరాగలీ గల్లీయందు 200 వాట్ల ప్రసార యంత్రమును నెలకొల్పెను. 1935లో నిజాము ప్రభుత్వము దానిని స్వాధీనపరచుకొనెను. అదియే దక్కను రేడియో. అందు ఉర్దూకు పెద్దపీట. ప్రజలలో అధికసంఖ్యాకులు మాటలాడు తెలుగునకు దక్కినది స్వల్పభాగము. తెలుగువారికి తమ భాషలో వినికిడి 1938 జూను 16న ప్రారంభమైన మదరాసు కేంద్రమువలనను, 1948 డిసెంబరు 1న వెలసిన విజయవాడ కేంద్రమువలనను లభించెను. 1948 సెప్టెంబరు 17న ఏడవ నిజాము కాల్పుల విరమణను ప్రజలకు తెలిపినదియు రేడియో ద్వారానే. 1950 ఏప్రిలు 1న దక్కను రేడియో ఆకాశవాణిలో చేరెను.

ఊరికొక్క రేడియో పెట్టె యుండిన దినములవి. పంచాయతీ అరుగుపైననో, గ్రంథాలయ ప్రాంగణముననో దానిని పెట్టగా జనులు చుట్టుచేరి వినెడివారు. పెట్టె ఒకటి, శ్రోతలు పలువురు.

1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబరు టవర్సు భవనమును ప్రారంభించెను. రాళ్లగుట్టల నడుమ హైటెక్ సిటీ పెరిగెను. 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి డి.టి.హెచ్. సేవ మొదలై, చిత్రములతోపాటు ఆకాశవాణి ప్రసారములను గూడ ఉపగ్రహమునుండి అంకెల రూపమున ఇండ్లకు దించెను. 2017లో మాటకు బదులు పలుకు అమెజాన్ ఎకో పెట్టెలు మనదేశమునకు వచ్చెను. 2019లో ఆకాశవాణి ప్రసారములు వానియందు చేరెను. ఆ సంస్థ యొక్క మహాభవనము నానక్‌రామ్‌గూడలో తెరువబడినదియు అదే సంవత్సరమున.

ఇప్పుడు ఒక ఇంటిలో శ్రోత ఒక్కడైనను పెట్టెలు పలు. మేడపైని గొడుగు ప్రసారమును పట్టును. ఒక చిన్న కంప్యూటరు దానిని తునుకలుగా విభజించి ఇంటిలోని రౌటరు ద్వారా గదిగదికి పంపును. ఇందు రెండు పద్ధతులు గలవు. ప్రతి పెట్టెకును వేరువేరుగా పంపుట మొదటిది. ఇది ప్రతి చేనికిని చెరువునుండి వేరు కాలువ త్రవ్వుట వంటిది. ఒక్క ప్రవాహమును విడిచి, కావలసిన పెట్టెలే దానిని అందుకొనునట్లు చేయుట రెండవది. ఇది ఒకే కాలువకు తూములు పెట్టుట వంటిది. రెండవదానివలన పొదుపు కలుగును గాని, తీగలేని మార్గమున అది తరచు తడబడును. అన్ని పెట్టెలకును ఒకే భాష తెలియదు గనుక, ఒకదానికి ఎం.పి.3 రూపమునను, మరియొకదానికి వేరొక రూపమునను మార్చి పంపవలసియుండును.

తునుకలు ముందువెనుకలుగా చేరుటచే ప్రతి పెట్టెయు కొంత శబ్దమును తొట్టిలో నీటివలె నిలువచేసికొని పలుకును. అందుచే మాట కొన్ని క్షణములు ఆలస్యమగును. గంట కొట్టిన వేళయు సరిగా నుండదు. రెండు గదులలో ఆలస్యము వేరైనచో ఒకే పాట ప్రతిధ్వనివలె వినబడును. దీనికి విరుగుడుగా ప్రతి తునుకకును పలుకవలసిన వేళను గుర్తించి, పెట్టెలన్నిటికిని ఒకే గడియారమును అనుసరింపజేయుదురు.

ఇంత నేర్పు ఉన్నను ఒక్క లోపము కలదు. తుపాను వేళ విద్యుత్తు నిలిచి, తీగ తెగినచో రౌటరు మూగవోవును. గదులన్నియు ఒక్కసారిగా నిశ్శబ్దమగును. ఆ రాత్రి హెచ్చరికను వినిపింపగలది ప్రసారకేంద్రమునుండి నేరుగా మాటను పట్టు బ్యాటరీ రేడియోయే. తీరప్రాంతములవారికి ఇది ప్రాణములతో కూడిన విషయము.

మరియొక నష్టము మెల్లగా జరుగునది. ఎవరి చెవికి వారు గొట్టము తగిలించుకొన్నచో, విన్నదానిని గూర్చి చర్చించు అరుగు ఖాళీయగును. కావున గ్రంథాలయములు క్రొత్త పెట్టెలను తప్పక స్వాగతింపవలెను. పఠనమందిరమునకొకటి, బాలల గదికొకటి ఏర్పరుపవలెను. దానితోపాటు బీరువాలో బ్యాటరీ రేడియో నొకదానిని సిద్ధముగా నుంచవలెను. వారమునకొక్కమారైనను పదిమంది కలసి విను వాడుకను నిలుపవలెను. ప్రసార సాధనము ఎంత మారినను, విన్నదానిని కలసి విచారించుటయే ఊరికి వెలుగు.