చిన్న నెగెటివ్, పెద్ద బొమ్మ: ఎన్‌లార్జర్ పుట్టుపూర్వోత్తరాలు

ఇంట్లో డార్క్‌రూమ్ ఏర్పాటు చేసుకోవాలనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న: ఏ ఎన్‌లార్జర్ కొనాలి? దాని చరిత్ర తెలిస్తే జవాబు సులువవుతుంది. అందులోని ప్రతి భాగమూ ఒకనాటి చిక్కు తీర్చడానికి వచ్చి చేరిందే.

ఫోటోగ్రఫీ తొలినాళ్లలో గాజుపలక నెగెటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో పెట్టేవారు. నెగెటివ్ ఎంతుంటే బొమ్మ అంతే. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద పలక, దానికి తగ్గ పెద్ద కెమెరా మోయాల్సిందే. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ పనిచేసింది గాజుపలకల మీదే.

1857లో అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన చిత్రకారుడు డేవిడ్ వుడ్‌వర్డ్ ‘సోలార్ కెమెరా’కు పేటెంటు పొందాడు. అద్దంతో ఎండను లోపలికి మళ్లించి, కండెన్సర్ కటకంతో నెగెటివ్ మీద పోగుచేసి, లెన్సు గుండా బొమ్మను కాన్వాసు మీద పెద్దదిగా పడేట్టు చేశాడు. దాని ఆధారంగా చిత్రకారులు రంగుల్లో రూపచిత్రాలు వేసేవారు. సూర్యుడు జరిగేకొద్దీ అద్దాన్నీ జరపాలి. ఆనాటి కాగితం మీద బొమ్మ దిగడానికి గంటలు పట్టేది. మబ్బు పడితే పని ఆగిపోయేది.

ఆ చిక్కు విప్పిన ఘనత బ్రోమైడ్ కాగితానిది. 1880 ప్రాంతంలో బజారుకొచ్చిన ఈ కాగితానికి దీపం వెలుగే చాలు. ఎర్రలైటు కింద భద్రంగా ఉంటుంది. అయితే నూనె దీపమైనా గ్యాసు దీపమైనా మంట నిటారుగా నిలవాలి. అందుకని యంత్రాన్ని అడ్డంగా పెట్టి, ఎదురుగా నిలబెట్టిన కాగితం మీద బొమ్మ పడేలా చూసేవారు. కరెంటు బల్బుకు ఆ ఇబ్బంది లేదు, తలకిందులుగా వేలాడదీసినా వెలుగుతుంది. దాంతో ఇప్పుడు మనం చూసే రూపం కుదిరింది: కింద చెక్కపీట, దాని మీద నిలువు కమ్మీ, కమ్మీ మీద జరిగే, బల్బూ నెగెటివ్‌ లెన్సూ ఉండే తల.

1925లో జర్మనీలోని వెట్జ్‌లార్ నుంచి లైకా వచ్చింది. ఆస్కార్ బార్నాక్ రూపొందించిన ఆ కెమెరా నెగెటివ్ 24×36 మిల్లీమీటర్లే. కాగితానికి ఆనించి ప్రింటు తీస్తే వచ్చేది తపాలా బిళ్లంత బొమ్మ. ఎన్‌లార్జర్ లేకపోతే అలాంటి కెమెరాకు విలువే లేదు. అందుకే లైకాను తయారుచేసిన లైట్జ్ సంస్థ ఎన్‌లార్జర్లు కూడా చేసింది. 1930ల్లో అది తెచ్చిన ఫోకోమాట్‌లో తలను పైకీ కిందికీ జరిపినా ఫోకస్ చెదరదు.

24×36 నెగెటివ్ నుంచి 8×10 అంగుళాల ప్రింటు తీస్తే వైశాల్యం దాదాపు 60 రెట్లవుతుంది. దుమ్ము, గీత, అదురు అన్నీ బొమ్మతో పాటే పెరుగుతాయి. అందుకే కొనేముందు మీ నెగెటివ్ ఎంతో చూసుకోండి. 35 ఎంఎం ఫిల్ముకు 50 ఎంఎం లెన్సు, 6×6 సెంటీమీటర్ల నెగెటివ్‌కు 75 లేదా 80 ఎంఎం, 4×5 అంగుళాల నెగెటివ్‌కు 150 ఎంఎం కావాలి. రేపు పెద్ద ఫిల్ముకు మారే ఆలోచన ఉంటే దానికి సరిపోయే తల ఉన్నదే తీసుకోవాలి.

తర్వాత చూడాల్సింది వెలుగు. కండెన్సర్ తల బొమ్మలో వెలుగునీడల తేడాను పెంచుతుంది, ఫిల్ము మీది గీతల్నీ ఎత్తిచూపుతుంది. వెలుగును చెదరగొట్టే డిఫ్యూజర్ తల వాటిని చాలావరకు కప్పేస్తుంది. కలర్ తలలోని పసుపు, మెజెంటా ఫిల్టర్లు మల్టీగ్రేడ్ కాగితం మీద కాంట్రాస్టు మార్చడానికీ పనికొస్తాయి. 1940లో ఇల్‌ఫర్డ్ ఆ కాగితాన్ని తెచ్చాక, ఒకే పెట్టెలోని కాగితంతో మెత్తని ప్రింటూ, గట్టి ప్రింటూ తీయగలిగారు.

ఇప్పుడు ఎక్కువగా దొరికేవి పాతవే: ఇటలీ డర్స్ట్, చెక్ దేశపు మియోప్టా, అమెరికా ఒమేగా, బెసెలర్. పేరు చూసి తొందరపడొద్దు. తలను పైదాకా ఎత్తి కమ్మీని తట్టండి, ఊగితే వదిలేయండి. నెగెటివ్, లెన్సు, పీట మూడూ సమాంతరంగా ఉన్నాయో లేదో పరీక్షించండి. లేకపోతే ప్రింటు మధ్యలో స్పష్టంగా ఉండి మూలల్లో మసకబారుతుంది. డబ్బు మిగిలితే లెన్సు మీద పెట్టండి. కెమెరా లెన్సు ఎంత మేలైనదైనా, ప్రింటు చేరేది ఈ రెండో లెన్సు దాటనిచ్చినంతే.