మూతపడని కన్ను: కుష్ఠువ్యాధిలో ముఖనాడీ పక్షవాతం – డిచ్‌పల్లి నేపథ్యం

ముఖనాడీ పక్షవాతం చరిత్రను చెప్పేటప్పుడు ఆయుర్వేదంలోని అర్దితాన్నీ, నాడులపై 1821లో చార్లెస్ బెల్ సమర్పించిన పత్రాన్నీ ప్రస్తావించడం పరిపాటి. తెలుగునాట ఈ చరిత్రలో కుష్ఠువ్యాధికీ చోటుంది.

సికింద్రాబాదు నుంచి అల్వాల్ మీదుగా నిజామాబాదు వైపు సాగే రైలుమార్గంలో డిచ్‌పల్లి ఉంది. వెస్లియన్ మిషన్ వైద్యురాలు ఇసబెల్ కెర్, రాజా నర్సాగౌడ్ విరాళం తోడ్పాటుతో, 1915లో అక్కడ కుష్ఠు వైద్యశాలను నెలకొల్పారు. నాటి ప్రధాన ఔషధం హిడ్నోకార్పస్ నూనె. దెబ్బతిన్న నాడిని తిరిగి పనిచేయించే శక్తి దానికి లేదు.

కుష్ఠులో ముఖనాడి శాఖలు, ముఖ్యంగా కనురెప్పను మూసే కండరానికి వెళ్లేవి, వాపుకు లోనవుతాయి. రెప్ప మూతపడక నల్లగుడ్డు ఎండి, పుండై, క్రమంగా చూపు పోతుంది. చేతివేళ్ల స్పర్శను ముందే కోల్పోయిన రోగికి లోకాన్ని తెలుసుకునే రెండు దారులూ మూసుకుపోతాయి.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళౌషధ చికిత్స సూక్ష్మజీవిని చంపుతుంది. నాడిని కాపాడే అవకాశం మాత్రం ఆరు నెలలలోపు ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టినప్పుడే ఎక్కువ. ఆ గడువు దాటితే కణత కండరాన్ని రెప్పకు మళ్లించే శస్త్రచికిత్స వంటివే మిగులుతాయి. కనుక కుష్ఠు నివారణ చరిత్రను నయమైన రోగుల సంఖ్యతోనే కాక, నిలిచిన చూపుతోనూ కొలవవలసి ఉంటుంది.