ఎన్ని పడతాయి?

మెమరీ కార్డు కొనబోయినవాళ్ళు కొట్టులో అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇందులో ఎన్ని ఫొటోలు పడతాయి?" కొట్టతను జీబీల్లో జవాబు చెబుతాడు. మనకు కావలసిన లెక్క మాత్రం ఫొటోల్లోనే. ఈ "పడతాయి" ఏ ధాతువు బిడ్డ అన్నది చాలాకాలంగా నన్ను పట్టుకుని వదలని ప్రశ్న.

పైకి చూస్తే "పడు"లాగే ఉంటుంది. వ్యతిరేకంలోకి తిప్పితే గుట్టు తెలుస్తుంది. వాన పడుతుంది, పడదు. జాలరి చేపలు పడతాడు, పట్టడు. కార్డు నిండాక మనం "ఇంక పడవు" అనం, "ఇంక పట్టవు" అంటాం. అంటే ఇది "పట్టు". కట్టు "కడతాడు" అయినట్టు, పెట్టు "పెడతాడు" అయినట్టు, తకారం ముందు ద్విత్వం కరిగి పట్టు "పడతాడు" అయింది. అలా పడు రూపంతో కలిసిపోయింది. పట్టుచీరలోని పట్టుతో దీనికి చుట్టరికం లేదు, అది సంస్కృత పట్ట శబ్దం నుంచి వచ్చింది.

ఫొటో దగ్గర ఈ రెండు ధాతువులకూ పనుంది. తీసేవాడు ఫొటో తీస్తాడు, మనం దిగుతాం, బొమ్మ బాగా "పడింది" అంటాం. అది పడు. ఆ బొమ్మ కార్డులో ఇమిడితే "పట్టింది" అంటాం. ఇంత తేడాను రెండు చిన్న మాటలతో చెప్పగలిగిన భాష మనది.

పాత్ర పట్టును కొలవడం తెలుగుకు పాత అలవాటు. గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి. వీటికి "ఎడు" చేరిస్తే పాత్ర పేరే పరిమాణం అవుతుంది: సోలెడు పాలు, తూమెడు వడ్లు, గంపెడు మామిడికాయలు. ఆఖరికి దుఃఖాన్ని కూడా పుట్టెడు అని కొలిచాం. కార్డుకు మాత్రం ఆ ప్రత్యయం అతకలేదు. దాని పట్టు ఒకచోట నిలిస్తేగా!

ఎస్‌డీ రకం మెమరీ కార్డును 1999లో పానాసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి ప్రకటించాయి. తొలినాళ్ళ కార్డుల్లో 32 ఎంబీవి ఉండేవి. ఒక్కో ఫొటో ఒక ఎంబీ అనుకుంటే ముప్పై చిల్లర, అంటే దాదాపు 36 ఫొటోల ఫిల్ము రీలు ఒకటి. అందుకే ఆనాడు కార్డు చేతపట్టినవాళ్ళు రీలు కాలంలో లాగే ఆచితూచి తీశారు. మొదటి ప్రమాణానికి హద్దు 2 జీబీ. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ దాన్ని 32 జీబీకి, 2009లో ఎస్‌డీఎక్స్‌సీ 2 టీబీకి, 2018లో ఎస్‌డీయూసీ 128 టీబీకి జరిపాయి. 2019 నాటికి చిటికెనవేలి గోరంత మైక్రో ఎస్‌డీ కార్డులోనే 1 టీబీ వచ్చింది. ఫొటోకు 5 ఎంబీ చొప్పున రెండు లక్షల ఫొటోలు.

ఇక్కడ పట్టు అనేది ఉపమానం కాదు, అక్షరాలా జరిగే పని. ఫ్లాష్ మెమరీలోని ఒక్కో గదిలో ఎలక్ట్రాన్లను విద్యుత్తు దాటలేని గోడల మధ్య పట్టి ఉంచుతారు. కెమెరా ఆపేసినా అవి అక్కడే ఉంటాయి. ఒక గదిలో మొదట ఒక బిట్టే పట్టేది, తర్వాత రెండు, మూడు, నాలుగు పట్టించారు. అదీ చాలక గదుల మీద గదులు మేడలుగా లేపారు. ఈ మెమరీని కనిపెట్టినవారు తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా. ఫ్లాష్ అన్న పేరు సూచించింది ఆయన సహోద్యోగి షోజి అరీజుమి. లోపలి సమాచారం ఒక్క దెబ్బతో చెరిగిపోయే తీరు అరీజుమికి కెమెరా ఫ్లాష్ వెలుగును తలపించిందట. అంటే దాచుకునే వస్తువుకు చెరిపివేత మీదుగా పేరొచ్చింది. ఆ పేరు తలచుకున్నప్పుడల్లా నాకు దిగులేస్తుంది.

తెలుగులో పట్టుకు ఇంకో అర్థం ఉంది. పద్యం కంఠతా పట్టాం, చదువు ఒంటబట్టింది అంటాం. "నాకు పట్టదు" అంటే చోటు లేదని కాదు, లెక్కచేయనని. "పట్టించుకో" అన్నదీ ఇందులోంచి పుట్టిందే. చోటివ్వడం, ఖాతరు చేయడం మనకు ఒకే ధాతువు. కార్డుకు వచ్చింది మొదటి అర్థం ఒక్కటే.

మెమరీకి మనం వాడే జ్ఞాపకం అన్న మాటకు సంస్కృతంలో అర్థం "తెలియజేసేది". గుర్తు అంటే ఆనవాలు. రెండూ దాచుకునే చోటును చెప్పవు, దేన్నో చూపించేదాన్ని చెబుతాయి. ఆ చూపినదాన్ని మనిషి పోల్చుకోవడం "గుర్తుపట్టడం". మళ్ళీ పట్టే.

మా నాన్నగారు ప్రతి ఫొటో వెనక పెన్నుతో ఊరు, సంవత్సరం, నిలబడ్డవాళ్ళ పేర్లు ఎడమ నుంచి కుడికి రాసేవారు. ఆయన పోయాక కూడా ఆ ఆల్బంలో ప్రతి ముఖాన్నీ పోల్చుకోగలిగాను. నా కార్డుల్లో పదిహేనేళ్ళ పెళ్ళిళ్ళున్నాయి, పేర్లు లేవు. కెమెరా ఇచ్చే పేరు నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. 9999 దాటితే మళ్ళీ 0001. ఆ ఫొటోల్లో మా మేనత్త ఎవరో నా పిల్లలకు తెలిసే దారి లేదు.

పైగా కార్డు లోపలి గదుల్లోంచి ఎలక్ట్రాన్లు ఏళ్ళు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా జారిపోతాయి. సొరుగులో పడేసిన కార్డు శాశ్వతం కాదు. కనుక ఈ ఆదివారం పాత కార్డు ఒకటి బయటికి తీసి, ఇంకోచోటికి నకలు చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఎవరెవరో అడిగి, ఒక పుస్తకంలో పేర్లు రాసుకోండి. ఆ ముఖాలను గుర్తుపట్టేవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు.