బడిలో క్రమశిక్షణ, ఆదివాసీ విద్యార్థులపై వివక్ష: చట్టం ఏం చెబుతోంది?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా చింతలనార్ పేరు దేశానికి 2010 ఏప్రిల్ 6 నాటి మావోయిస్టు దాడితో తెలిసింది. ఆ రోజు 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. సరిగ్గా ఐదు రోజుల ముందు, ఏప్రిల్ 1న, విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. పిల్లలను కొట్టరాదని, మానసికంగా వేధించరాదని నిర్దేశించిన చట్టం అది. అయితే అప్పటికి ఈ ప్రాంతంలోని అనేక గ్రామాల్లో బడే నడవడం లేదు.

నేపథ్యం

2005లో సల్వాజుడుం ప్రారంభమైన తరువాత దక్షిణ బస్తర్‌లో పలు బడి భవనాలను మావోయిస్టులు కూల్చివేశారు. మరికొన్నింటిలో భద్రతా బలగాలు మకాం వేశాయి. వాటిని ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించింది. చింతలనార్‌కు సమీపంలోని జగర్‌గుండలో బడి 13 ఏళ్ల విరామం తరువాత 2019లో తిరిగి తెరుచుకుంది. ఈ మధ్యకాలంలో 'పోర్టా క్యాబిన్' ఆశ్రమ పాఠశాలలే వేలాది పిల్లలకు ఆధారమయ్యాయి.

ఇంట్లో గోండి లేదా దోర్లీ మాట్లాడే పిల్లలు బడిలో హిందీలో చదవాలి. ప్రశ్న అర్థంకాక మౌనంగా ఉన్న విద్యార్థిని మొండివాడిగా, ఇప్పపూల కాలంలో ఇంటికి వెళ్లిన వాడిని క్రమశిక్షణ లేనివాడిగా భావించే ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. ఆశ్రమ పాఠశాలలో తల్లిదండ్రులు దూరంగా ఉంటారు కనుక ఫిర్యాదు చేసే అవకాశమూ తక్కువే.

చట్టంలో ఏముంది?

* విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఉల్లంఘించిన వారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలి.
* 16వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక విద్య పూర్తయ్యేవరకు ఏ విద్యార్థినీ బడి నుంచి బహిష్కరించరాదు. 2019 సవరణ 5, 8 తరగతుల్లో నిలిపివేతకు వీలు కల్పించినా, బహిష్కరణపై నిషేధం కొనసాగుతోంది.
* 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలో బోధన ఉండాలని, బిడ్డకు భయం లేకుండా చూడాలని పేర్కొంది.

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు శారీరక దండన, మానసిక వేధింపులతో పాటు వివక్షను కూడా శిక్షగానే పరిగణించాయి. కులం, సముదాయం ఆధారంగా కించపరచడం, వేరుగా కూర్చోబెట్టడం, పనులు అప్పగించడం దీని కిందికి వస్తాయి. కమిషన్ 2009-10లో ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది విద్యార్థులను ప్రశ్నించగా, తమకు ఏ శిక్షా పడలేదన్నవారు తొమ్మిది మందే.

క్రమశిక్షణ పేరిట బిడ్డను హింసించడం క్రూరత్వమేనని ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2024లో స్పష్టం చేసింది.

లెక్కల లోటు

అమెరికాలో విద్యార్థుల సస్పెన్షన్లను జాతుల వారీగా నమోదు చేస్తారు. 2017-18లో ప్రభుత్వ బడుల విద్యార్థుల్లో నల్లజాతి పిల్లలు సుమారు 15 శాతం కాగా, బడి నుంచి సస్పెండైన వారిలో వారి వాటా 38 శాతం. ఈ వ్యత్యాసాల సమీక్షకు 2014లో ఇచ్చిన కేంద్ర మార్గదర్శకాలను 2018లో ఉపసంహరించారు. విధానంపై వివాదం కొనసాగినా, చర్చకు ఆధారమైన గణాంకాలు అక్కడ ఉన్నాయి.

భారత్‌లో యూడైస్ ప్లస్ ప్రవేశాలు, బడి మానేసిన వారి వివరాలను సామాజిక వర్గాల వారీగా ఇస్తుంది. శిక్షలకు అటువంటి పట్టిక లేదు. దీంతో ఆదివాసీ విద్యార్థి బడి మానేస్తే, అందుకు పేదరికం కారణమా, భాషా, బెత్తమా అన్నది లెక్కల్లో కనిపించదు.

తెలుగు రాష్ట్రాలకు సంబంధం

బస్తర్ హింస నుంచి తరలివచ్చిన గుత్తికోయ కుటుంబాలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, అల్లూరి సీతారామరాజు జిల్లాల అటవీ ప్రాంతాల్లో నివసిస్తున్నాయి. వారి పిల్లలకు ఇక్కడ హిందీ స్థానంలో తెలుగు కొత్త భాషగా ఎదురవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే బడుల్లో శారీరక దండనను నిషేధించింది. నిషేధం అమలు కావాలంటే శిక్షల నమోదు, పిల్లల భాష తెలిసిన ఉపాధ్యాయులు, ఆశ్రమ పాఠశాల యాజమాన్యంతో సంబంధం లేని ఫిర్యాదు వ్యవస్థ అవసరం.