ఇళ్ళ లెక్కలు – మూడు సర్వేల కథ

మన దేశంలో నూటికి ఎన్ని కుటుంబాలు పక్కా ఇళ్ళలో ఉంటున్నాయి? ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం ఎవరిని అడిగామన్న దాన్నిబట్టి మారుతుంది. జాతీయ నమూనా సర్వే 2018లో గ్రామాల్లో 76.7 శాతం, పట్టణాల్లో 96 శాతం అంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశం మొత్తానికి సుమారు 60 శాతమే అంది. ఇంతలోనే ఇళ్ళన్నీ కూలిపోలేదు గదా! మరి తేడా ఎక్కడుంది? ఈ లెక్కల పూర్వాపరాలు కాస్త చూద్దాం.

అన్నిటికంటె పాతది, పెద్దది సెన్సస్. 1872లో మొదలై, 1881 నుంచి దేశమంతటా ఒకేసారి జరిగే పద్ధతి ఏర్పడింది. మనుషుల్ని లెక్కించేముందు ఇళ్ళను లెక్కిస్తారు. 2011లో 33 కోట్ల పైచిలుకు ఇళ్ళు తేలాయి. అయితే సెన్సస్ దృష్టిలో ఇల్లంటే కాపురముండేదే కాదు. వేరే వాకిలి ఉన్న దుకాణం, బడి, మసీదు, గుడి, గోదాము అన్నీ ఇళ్ళే. వాటిలో సుమారు రెండున్నర కోట్లు ఖాళీవి. కుటుంబాల్లో 37 శాతానికి ఉన్నది ఒక్క గదే. ప్రతి ఊరికీ, ప్రతి వార్డుకూ లెక్క దొరకడం సెన్సస్ బలం. పదేళ్ళు ఆగవలసి రావడం లోపం. 2021 సెన్సస్ కోవిడ్ మూలంగా వాయిదా పడి, 2027 సెన్సస్‌కు 2025 జూన్‌లో గాని నోటిఫికేషన్ రాలేదు. అన్నాళ్ళూ 2011 అంకెలతోనే నెట్టుకురావలసి వచ్చింది.

ఆచార్య మహలనోబిస్ చొరవతో 1950లో జాతీయ నమూనా సర్వే ఏర్పడింది. అందరినీ అడగకుండా, శాస్త్రీయంగా ఎంచిన కొన్ని ఇళ్ళనే అడుగుతుంది. 1973-74లో ఇళ్ళ స్థితిగతులపై సమగ్రంగా విచారించింది. 2018లో 1,06,838 కుటుంబాలను అడిగింది. సొంతమా అద్దెయా, గాలి వెలుతురు ఉన్నాయా, మురుగు ఎటు పోతుంది వంటి వివరాలు ఇందులో ఎక్కువ. కాని మీ వార్డు సంగతి ఇది చెప్పలేదు.

మూడవది 1992-93లో మొదలైన కుటుంబ ఆరోగ్య సర్వే. తల్లీబిడ్డల ఆరోగ్యమే దీనికి ముఖ్యం, ఇంటి వివరాలు ఆ వెనుక వస్తాయి. 2019-21లో సుమారు 6.37 లక్షల కుటుంబాలను కలుసుకుని, జిల్లాలవారీగా అంకెలిచ్చింది.

ఇక తేడా విషయం. నమూనా సర్వేకు గోడలూ పైకప్పూ గట్టివైతే చాలు, ఇల్లు పక్కాదే. రేకుల కప్పు కూడా గట్టిదాని కిందికే వస్తుంది. ఆరోగ్య సర్వే నేలను కూడా చూస్తుంది. ఇటుక గోడలు, రేకుల కప్పు, మట్టి నేల ఉన్న ఇల్లు ఒకచోట పక్కా అయింది, రెండోచోట కాలేదు. ఎవరూ అబద్ధమాడలేదు, కొలబద్దలే వేరు.

మరో సంగతి. 2011 ఇళ్ళ లెక్కలో యజమాని ఎస్సీయా, ఎస్టీయా అని అడిగారు గాని మతం అడగలేదు. మిగతా రెండు సర్వేలు మతం నమోదు చేస్తాయి. కనుక ముస్లిం కుటుంబాల ఇళ్ళ పరిస్థితి తెలియాలంటే వాటినే ఆశ్రయించాలి.

కాబట్టి అర్జీలో ఒక అంకె వేసేటప్పుడు అది ఏ సర్వేది, ఏ సంవత్సరానిది, అందులో పక్కా అంటే అర్థమేమిటి అన్నది పక్కనే రాయడం మంచిది. వార్డు గురించి అడిగితే సెన్సస్, అద్దె ఇళ్ళ బాధలకు నమూనా సర్వే, జిల్లా పోలికకు ఆరోగ్య సర్వే చూడాలి. ఒకదాని అంకె తీసి మరోదానితో పోల్చి, పెరిగింది తగ్గింది అంటే అధికారులు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. లెక్కలవారు మన గుమ్మంలోకి వచ్చినప్పుడు మాత్రం గదులెన్ని, నేల ఎట్లాంటిది, కుళాయి లోపలా బయటా అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలి. రేపు మన వీధి పేరుమీద నిలిచే లెక్క అదే.