చచ్చిన కోతి చెప్పేదెంత? క్యాసనూరు అడవి జ్వరంపై నిఘా

1957లో అప్పటి మైసూరు రాష్ట్రం, శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా అడవుల్లో కొండముచ్చులు, కోతులు వరసగా చచ్చిపడ్డాయి. చుట్టుపక్కల పల్లెల్లో మనుషులకూ తీవ్రమైన జ్వరం వచ్చింది. దక్షిణ అమెరికాలో కోతుల్ని చంపే పచ్చజ్వరం ఇక్కడికీ వచ్చిందేమోనని పుణే వైరస్ పరిశోధన కేంద్రం మొదట కంగారుపడింది. వేరుచేసి చూస్తే ఆ వైరస్ వేరు: రష్యాలో పిడుదుల వల్ల వచ్చే మెదడువాపు వైరస్‌కు దగ్గరి చుట్టం. దొరికిన అడవి పేరే జబ్బుకు పెట్టారు.

అప్పటినుంచి అక్కడ కోతి చావే ప్రమాద సూచన. దీనికి గట్టి ఆధారమే ఉంది. ఈ వైరస్ సోకిన కోతులు చాలావరకు చస్తాయి. కళేబరం చల్లబడగానే ఒంటిమీది పిడుదులు రాలి, ఆ చోట ఆకుల మీద కాచుకుని ఉంటాయి. హీమాఫైసాలిస్ స్పైనిజెరా అనే పిడుదు పిల్లదశలో, ముఖ్యంగా నవంబరు నుంచి మే దాకా, మనుషుల్ని కుడుతుంది. కట్టెలకో ఎండుటాకులకో జనం అడవికి వెళ్లే కాలమూ అదే. 2012 చివర బందీపూర్‌లో చచ్చిన కోతుల్ని పట్టుకుని తగలబెట్టిన వారిలో కొందరు ఈ జ్వరంతోనే మంచం పట్టారు.

అయితే ఈ సూచనను ఎంతవరకు నమ్మవచ్చు? నాకు ఇక్కడే జాగ్రత్త అవసరమనిపిస్తుంది. కోతులు వేరే కారణాలతోనూ చస్తాయి. దట్టమైన అడవిలో చచ్చినవి అసలు కంటబడవు. కంటబడేసరికి కుళ్లిపోతే పరీక్షలో వైరస్ దొరక్కపోవచ్చు, దాన్ని ‘లేదు’ అని రాసుకోవడం తప్పు. పైగా ఎక్కువమంది వెతికిన చోట ఎక్కువ కళేబరాలు దొరుకుతాయి. కాబట్టి రెండు తాలూకాల లెక్కలు పోల్చేముందు ఎవరు, ఎంత దూరం, ఎన్నాళ్లు వెతికారో చూడాలి. ఒకసారి సోకి బతికిన కోతులు ఎక్కువున్న గుంపులో చావులు తగ్గవచ్చు. వైరస్ మాత్రం పిడుదుల్లో ఉండనే ఉంటుంది. కోతి చావలేదంటే అడవి సురక్షితమని కాదు.

ఇంకో చిక్కు, వైరస్‌ను అడవిలో నిలబెట్టేది కోతులేనా అన్నది. చుంచుల నుంచి, అడవి ఎలుకల నుంచి కూడా వైరస్‌ను వేరుచేశారు. ఏ జంతువు పాత్ర ఎంతో ఇంకా తేలలేదు. పశువుల సంగతి వేరు. వాటి రక్తంలో వైరస్ పెద్దగా పెరగదు గానీ, పెద్ద పిడుదులకు అవి కడుపునిండా తిండి. అందుకే అడవి అంచున మేసే మందలు పెరిగితే పిడుదులూ పెరుగుతాయి. తేమ అడవులు, తోటలు కలిసిన చోట, నాటు పశువులు ఎక్కువున్న చోట ముప్పు ఎక్కువని 2020లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అది సంబంధమే, కారణానికి రుజువు కాదు. అయినా నిఘా బృందాల్ని ఎక్కడికి ముందు పంపాలో చెప్పడానికి పనికొస్తుంది.

ఫ్లానెల్ గుడ్డను నేలమీద ఈడ్చి పిడుదుల్ని పట్టి పరీక్షించడం, చిన్న జంతువుల రక్తంలో యాంటీబాడీలు చూడటం, జ్వరం కేసుల్ని ఊరి పేరుతో నమోదు చేయడం: ఇవన్నీ కోతి చావుల పక్కనే, ఒకే పటం మీద ఉండాలి. అటవీ, పశువైద్య, ఆరోగ్య శాఖల చేతుల్లో విడివిడిగా ఉంటే సమాచారం ఆలస్యమవుతుంది. నమోదైన కేసుల్లో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా చనిపోతారు. ఈ జబ్బుకు ఇస్తూ వచ్చిన పాత టీకాను 2022లో ఆపేశారు. జబ్బుకు ప్రత్యేకమైన మందు లేదు.

2012 తర్వాత కేరళలోని వయనాడ్, గోవా, మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌లలోనూ ఈ జ్వరం కనిపించింది. శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలోని జోగ్ జలపాతానికి, వయనాడుకు, గోవాకు మన తెలుగువాళ్లూ వెళ్తుంటారు. అడవి దారిలో చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి, ముట్టుకోకండి. చోటు గుర్తుపెట్టుకుని అటవీ సిబ్బందికి చెప్పండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే అడవికి వెళ్లిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.