పెరొనె, చీల, పిన్నీసు: చరిత్రకు ఆధారాలుగా పదాలు

శాసనం, నాణెం లాగే పదం కూడా చరిత్రకారునికి ఆధారమే. ప్రాచీన గ్రీకు స్త్రీలు కుట్టని ఉన్ని వస్త్రాన్ని భుజాల వద్ద గుచ్చి నిలిపే సూదిని ‘పెరొనె’ అనేవారు. ఏజినా దండయాత్ర నుంచి ఒక్కడే ప్రాణాలతో తిరిగి రాగా, ఏథెన్స్ స్త్రీలు అతనిని ఈ సూదులతో పొడిచి చంపారనీ, అందుకే వారి వేషధారణను మార్పించారనీ క్రీ.పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మోకాలి కింద బయటి వైపున్న సన్నని ఎముకకూ గ్రీకులో పెరొనె అనే పేరు.

తెలుగును గమనించండి. బిగించే మేకు ‘చీల’. ఆ ఎముక కింది కొస చేరే చోటు ‘చీలమండ’. ఈ పోలికను చూసి ఒక పదం మరొకదాని నుంచి పుట్టిందని తేల్చరాదు. వస్తువు పేరును దేహానికి పెట్టడం ఏ సమాజమైనా స్వతంత్రంగా చేయగలదు.

ఒక పదం అన్యదేశ్యమని చెప్పాలంటే ధ్వనిసామ్యం, ప్రజల మధ్య సంబంధం రెండూ ఋజువు కావాలి. పుప్పాలగూడ కార్యాలయాలకు వెళ్ళే స్త్రీలు చీర కుచ్చిళ్ళకు పెట్టుకునే ‘పిన్నీసు’ ఇంగ్లీషు ‘పిన్’ నుంచి వచ్చింది. దానికి ఆ రెండూ ఉన్నాయి. పెరొనెకూ చీలకూ లేవు.